అలుగు పారే వాడకట్టు

నల్లగొండకు ఆనుకుని ఉన్న పానగల్లులో ఉదయ సముద్రం కట్ట మీద నిలబడిన ప్రతిసారీ, చెరువంటే నీళ్లు నిలిచే చోటు మాత్రమే కాదు, అదొక లెక్క కూడా అనిపిస్తుంది. కందూరు చోడుల కాలం నాటి ఆ చెరువైనా, మన ప్రాంతంలోని గొలుసుకట్టు చెరువులేవైనా ఒకే తెలివి మీద నడిచాయి. పై చెరువు నిండాక అలుగు పారాలి, ఆ పారిన నీరు కింది చెరువుకు చేరాలి, తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంతసేపు వదలాలో నీరటికాడికి తెలిసి ఉండాలి. తన అవసరం తీరాక పక్కవారికి పారేదే ఆ లెక్కలో మిగులు. ఏడాది మొత్తం మీద తాను వాడుకునే దానికంటే ఎక్కువ విద్యుత్తును ఎండ వంటి తరగని వనరుల నుంచి తానే తయారుచేసుకునే పట్టణ పేట గురించి కొన్నేళ్లుగా చదువుతూ వస్తున్న నాకు, దానిని మనవాళ్లకు చెప్పడానికి ఇంతకంటే దగ్గరి పోలిక దొరకలేదు.

నేను ఇంటర్మీడియట్ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెప్పి ఉద్యోగ విరమణ చేసినవాడిని. మా వాడకట్టులో ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద 46 ఇళ్లున్నాయి, వాటిలో 11 ఇళ్ల మీద సోలార్ పలకలున్నాయి. వాటి మంచిచెడ్డలను రెండేళ్లుగా ఒక నోటుపుస్తకంలో రాస్తూ వచ్చాను. ఆ పుస్తకం నాకు నేర్పిన ఒక్క మాట కోసమే ఈ వ్యాసం రాస్తున్నాను. మన పట్టణాల్లో మిగులు విద్యుత్తు వాడకట్టులు తయారు కాకపోవడానికి ఎండ కొరత కారణం కాదు, చాలావరకు డబ్బు కొరత కూడా కాదు. ఒక వీధిలో నేర్చుకున్నది పక్క వీధికి చేరకపోవడమే అసలు కారణం. కరెంటు తీగ మీద పక్క ఇంటికి ఎలాగూ పారుతుంది, దాని వెనుక ఉన్న తెలివిడి మాత్రం ఎవరింట్లో వారి దగ్గరే ఆగిపోతోంది.

ఈ ఆలోచన పేటల స్థాయిలో ముందుగా గట్టిపడింది యూరప్‌లో. జర్మనీలోని ఫ్రైబుర్గ్ పట్టణంలో రోల్ఫ్ డిష్ అనే వాస్తుశిల్పి రూపకల్పనలో 2000 తర్వాతి తొలి ఏళ్లలో 59 ఇళ్ల సౌర పేట ఒకటి రూపుదిద్దుకుంది. ఆ ఇళ్లు తాము ఖర్చు చేసే శక్తికంటే ఎక్కువ శక్తిని తమ కప్పుల మీదే తయారు చేయాలన్నది ఆయన పెట్టుకున్న నియమం. ఆ తర్వాత 2018లో సుమారు ఇరవై దేశాలు కలిసి, 2025 నాటికి ఇలాంటి వంద పేటలను తయారుచేయాలనే లక్ష్యంతో ఒక కార్యక్రమాన్ని మొదలుపెట్టాయి. ఆ కార్యక్రమం కోసం రాసుకున్న నిర్వచనం నాకు చాలా నచ్చింది. దాని ప్రకారం ముందుగా వాడకం తగ్గాలి. తర్వాత వాడే వేళ ఎండ ఉన్న వేళకు అనుగుణంగా మారగలగాలి. ఆ రెండూ కుదిరాక, ఉత్పత్తిలో ఏడాది లెక్కన మిగులు తేలాలి. పలకలు బిగించడం ఈ మూడింటిలో ఒకటి మాత్రమే. మన దగ్గర ‘సోలార్ కాలనీ’ అనగానే నేరుగా ఆ ఒక్కదాని మీదికే పోతాం, మిగతా రెండింటికి పేరు కూడా పెట్టుకోలేదు.

వంద పేటల లక్ష్యం అనుకున్న గడువుకు అనుకున్నంతగా నెరవేరలేదు. చాలాచోట్ల పనులు ప్రణాళిక దశలోనో నిర్మాణ దశలోనో ఉండగానే గడువు ముగిసింది. అయినా వారి పనిలో నేను అన్నింటికంటే విలువైనదిగా భావించేది మరొకటి ఉంది. 2020లో సుమారు అరవై పేటల వివరాలను ఒకే అచ్చులో, అంటే ఎంత విస్తీర్ణం, ఏ వనరు, ఎవరు డబ్బు పెట్టారు, ఏది అడ్డుపడింది అన్న అంశాలతో ఒక సంకలనంగా తెచ్చారు. తర్వాత పరిశోధకులు వాటిని అందరూ తెరిచి చూడగల పట్టికగా, పటంగా మార్చారు. మరొక పద్ధతి ఇంకా నచ్చింది. నార్వేలోని ట్రోండ్‌హైమ్, ఐర్లాండ్‌లోని లిమెరిక్ నగరాలు ముందు నడిచిన ఒక ప్రాజెక్టులో, రొమేనియాలోని ఆల్బా యూలియా, చెక్ దేశంలోని పీసెక్, స్పెయిన్‌లోని సెస్టావో, బల్గేరియాలోని స్మోల్యాన్, ఎస్టోనియాలోని వోరు అనే ఐదు పట్టణాలను మొదటి రోజు నుంచే జతచేశారు. పెద్ద నగరం చేసే ప్రతి పనినీ దగ్గరుండి చూసి, తమ ఊరికి ఏది పనికొస్తుందో తేల్చుకోవడమే ఆ పట్టణాల వంతు పని. ఆ ఐదూ చిన్న పట్టణాలు. మిర్యాలగూడ, వనపర్తి, గద్వాల, దేవరకొండ వంటి ఊళ్ల నుంచి చూసేవారికి పెద్ద నగరాల గొప్పల కంటే ఆ జత కట్టే పద్ధతే ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

వారి లెక్కలు మాత్రం మనకు నేరుగా పనికిరావు. అక్కడ శక్తిలో పెద్ద భాగం ఇంటిని వెచ్చబెట్టడానికే పోతుంది, మన ఇంట్లో అది ఫ్యాన్లకు, కూలర్లకు, ఏసీలకు, నీళ్ల మోటార్లకు పోతుంది. ట్రోండ్‌హైమ్ భూగోళం మీద చాలా ఉత్తరాన ఉన్న ఊరు కాబట్టి చలికాలంలో అక్కడ పగలే కొన్ని గంటలు. మనకు వానాకాలపు మబ్బు రోజులు తీసేస్తే ఏడాది పొడుగునా ఎండే. అందుకే వారి దగ్గర తీసుకోవాల్సింది రాసిపెట్టుకునే అలవాటే.

ఇప్పుడు మా వాడకట్టు లెక్క. మా ప్రాంతంలో ఒక కిలోవాట్ సామర్థ్యమున్న పలకలు సగటున రోజుకు సుమారు నాలుగు యూనిట్లు, ఏడాదికి అటూ ఇటూగా 1,400 యూనిట్లు ఇస్తాయి. మా 46 ఇళ్లు నెలకు సగటున 200 యూనిట్లు వాడతాయనుకుంటే ఏడాదికి 1,10,400 యూనిట్లవుతాయి. దానికి సరిపోవాలంటే సుమారు 79 కిలోవాట్లు కావాలి. కిలోవాట్‌కు వంద చదరపు అడుగుల జాగా చొప్పున చూస్తే, ఇంటికి 172 చదరపు అడుగులు, అంటే ఒక మోస్తరు గదంత చోటు. వాడకాన్ని ముందుగా తగ్గిస్తే ఈ అవసరం ఇంకా తగ్గుతుంది. పాత ఫ్యాను 75 వాట్లు తింటుంటే, కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాను ముప్పై వాట్లతోనే అదే గాలి ఇస్తుంది. స్లాబు మీద తెల్లటి కూల్ రూఫ్ పూత వేస్తే పై గదిలో వేడి తగ్గి, ఏసీ నడిచే గంటలు తగ్గుతాయి. మన రాష్ట్రం 2023లోనే కూల్ రూఫ్ విధానం తెచ్చిందన్న సంగతి మా వీధిలో నేను చెప్పేవరకు ఒక్కరికీ తెలియదు. సగటు వాడకం 200 నుంచి 160కి దిగితే 63 కిలోవాట్లే చాలు. ఇప్పుడున్న 11 ఇళ్ల 33 కిలోవాట్లతోనే సగం దారి దాటినట్టవుతుంది.

సొంత ఇళ్లున్న వీధికి ఈ లెక్క ఇంత సుళువుగా కుదురుతుంది. అపార్టుమెంటుకు కుదరదు. ఇరవై ఫ్లాట్ల ఐదంతస్తుల భవనానికి 3,500 చదరపు అడుగుల కప్పు ఉందనుకుంటే, నీళ్ల ట్యాంకులు, లిఫ్టు గది, మెట్ల గది, వాటి నీడలు పోగా సగమే మిగులుతుంది. అక్కడ పట్టేది 17 కిలోవాట్లు, వచ్చేది ఏడాదికి 24,000 యూనిట్లు. ఫ్లాట్ల వాడకమే 48,000 యూనిట్లు, లిఫ్టు, మోటారు ఖర్చు దానికి అదనం. విడిగా చూస్తే ఆ భవనం ఎన్నటికీ మిగులులోకి రాదు. అయితే అదే వీధి చివర ఒక బడి ఉంటుంది, దాని కప్పు విశాలం, వాడకం పగటి పూటే, వేసవి సెలవుల్లోనూ ఆదివారాల్లోనూ దాదాపు ఏమీ ఉండదు. పక్కన ఒక ఫంక్షన్ హాలు, ఒక గోదాము, ఒక రైతుబజారు షెడ్డు ఉంటాయి. ఎక్కువ కప్పు ఉండి తక్కువ వాడేది, తక్కువ కప్పు ఉండి ఎక్కువ వాడేది ఒకే లెక్కలోకి వచ్చినప్పుడే మిగులు సాధ్యమవుతుంది. అందుకే ఒక్కొక్క ఇంటిని కొలతగా తీసుకోవడం పొరపాటని, ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న వాడకట్టునే కొలతగా తీసుకోవాలని వాదిస్తున్నాను. చెరువును కూడా మడిలెక్కన ఎవరూ కట్టలేదు, ఆయకట్టు మొత్తం చూసే కట్టారు.

నేను నోటుపుస్తకం మొదలుపెట్టడానికి కారణమైన సంగతి ఇక్కడే చెప్పాలి. మా వీధి కొసన ఉన్న ఇంటివారు మూడు కిలోవాట్ల సోలార్ పెట్టించుకున్నారు. ఎండ మండిపోయే మార్చి నెలలో వారి ఇన్వర్టర్, అంటే పలకల కరెంటును ఇంటికి పనికొచ్చే కరెంటుగా మార్చే డబ్బా, మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండున్నర వరకు ఆగిపోయేది. ఉదయం బాగానే నడిచేది, సాయంత్రం మళ్లీ నడిచేది. బిగించిన వారిని పిలిస్తే వచ్చి చూసి, అంతా బాగానే ఉందని చెప్పి వెళ్లిపోయారు, ఎందుకంటే వారు వచ్చింది సాయంత్రం నాలుగింటికి. నాలుగు నెలలు అలాగే గడిచాయి. చివరకు వేరే పని మీద స్తంభం ఎక్కిన లైన్‌మన్ ఒక్క చూపులో చెప్పాడు. “సార్, ఇది లైను కొస ఇల్లు. మీ సోలార్ ఇండ్లల్ల ఎక్కువ ఒక్క ఫేజు మీదనే ఉన్నయి. పగటిపూట ఇంట్ల ఎవరూ వాడరు, కరెంటు వెనక్కి ఎక్కుతది, ఓల్టేజీ పెరిగి డబ్బా బందైతుంది.” మేము మీటరు పెట్టి చూస్తే మధ్యాహ్నం పన్నెండున్నరకు వోల్టేజీ 260 దాటింది. 11 సోలార్ ఇళ్లలో ఏడు ఒకే ఫేజు మీద, అంటే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే మూడు కరెంటు తీగల్లో ఒక్కదాని మీదే ఉన్నాయి. వాటిని మూడు ఫేజుల మీద సర్ది, కొస ఇంటికి లావు సర్వీసు వైరు వేయించాక ఆ సమస్య మళ్లీ రాలేదు.

ఆరు నెలల తర్వాత, మాకు రెండు కిలోమీటర్ల దూరంలోని ఇంకో కాలనీలో సరిగ్గా ఇదే సమస్య వచ్చింది. అక్కడివారు ఇన్వర్టరే చెడిపోయిందనుకుని కొత్తది కొన్నారు, అదీ ఆగిపోయింది. ఈలోగా మా లైన్‌మన్‌కు వేరే ఊరికి బదిలీ అయింది. అతని తలలో ఉన్న తెలివి అతనితోనే వెళ్లిపోయింది. మేము మాట్లాడుకున్నది మా వీధి దాటలేదు. ఆ కొత్త ఇన్వర్టర్‌కు పెట్టిన డబ్బు గురించి తెలిసిన రోజు నాకు నిజంగా బాధ కలిగింది, ఎందుకంటే ఆ తప్పులో కొంత నాది కూడా. నేను నలభై ఏళ్లు ఓమ్ నియమం చెప్పినవాడిని, మా వీధిలో జరిగినదాన్ని ఒక కాగితం మీద రాసి పది కాలనీలకు పంపి ఉంటే ఆ ఖర్చు తప్పేది.

పానగల్లులోనే ఛాయా సోమేశ్వరాలయం ఉంది. గర్భగుడిలో లింగం వెనుక ఒక స్తంభం నీడ పగలంతా కదలకుండా నిలిచి ఉంటుంది. సూర్యుడు కదులుతున్నా నీడ కదలకపోవడం వింత కాదు, కాంతి ఏ స్తంభాల మధ్య నుంచి ఏ దిక్కుగా చెదిరి లోపలికి వస్తుందో పట్టి చూసుకుని కట్టిన పనితనం. అయితే ఆ శిల్పులు స్తంభాల దూరాలను ఏ లెక్కన తేల్చారో చెప్పే రాత ఏదీ మన చేతికి రాలేదు. తర్వాతి తరాలు చిన్న నమూనాలు కట్టి, దీపాలు పెట్టి చూసి, ఆ రహస్యాన్ని మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ గుడికి నా విద్యార్థులను చాలాసార్లు తీసుకెళ్లాను. ఇప్పుడు అక్కడికి వెళితే నాకు మా లైన్‌మనే గుర్తొస్తాడు.

నీడ మాట వచ్చింది కాబట్టి, సోలార్ పలకలకు నీడ చేసే హాని గురించి కూడా చెప్పాలి. పలకలను దండలో పువ్వుల్లా ఒకదాని తర్వాత ఒకటి కలుపుతారు కాబట్టి, ఒక పలక మూల మీద పడిన నీడ ఆ వరుస మొత్తం ఉత్పత్తిని తగ్గిస్తుంది. నల్లగొండ సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్‌లో ఎక్కడా నీడ లేదని చూసి బిగించిన చోట, డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి దిగినప్పుడు పిట్టగోడ నీడ, ట్యాంకు నీడ బారెడు సాగి పలకల మీదికి వస్తాయి. దక్షిణం వైపు ఖాళీ స్థలంలో రేపు ఎవరైనా మూడంతస్తులు లేపితే ఏమవుతుందో ముందే ఆలోచించాలి. మా వీధిలో ఒకరికి అదే జరిగింది.

ఇలాంటి తెలివి ఏ కంపెనీ కాగితంలోనూ పూర్తిగా దొరకదు, ఎందుకంటే అది ఈ నేలకు, ఈ నీటికి, ఈ ఎండకు చెందినది. మా బోరు నీళ్లు గట్టి నీళ్లు. వాటితో పలకలు కడిగి ఎండలో ఆరనిస్తే తెల్లటి చారలు గట్టిపడి, కొన్నాళ్లకు గీకినా పోవు. వాననీరు పట్టి దాచుకున్న నీటితోనో, మున్సిపల్ కుళాయి నీటితోనో తెల్లవారకముందే కడిగి మెత్తటి గుడ్డతో తుడవాలని మేము నష్టపోయాకే తెలుసుకున్నాం. మే నెలలో ఎండ ఎక్కువ కాబట్టి కరెంటు కూడా ఎక్కువ వస్తుందని అందరూ అనుకుంటారు. నిజానికి పలక 25 డిగ్రీలు దాటి వేడెక్కే ప్రతి డిగ్రీకి దాని సామర్థ్యంలో వెయ్యికి మూడు నాలుగు వంతులు తగ్గుతుంది. స్లాబు మీద పలక 60 డిగ్రీలు దాటే మధ్యాహ్నాల్లో అది చిన్న తగ్గుదల కాదు. పలకకూ స్లాబుకూ మధ్య గాలి ఆడేంత ఎత్తు వదిలిన ఇంటికీ, పడుకోబెట్టినట్టు బిగించిన ఇంటికీ తేడా మా పుస్తకంలో స్పష్టంగా కనిపిస్తుంది. కోతుల గుంపులు దూకి వైర్లు లాగడం, గ్రానైటు పని జరిగే వైపు నుంచి వచ్చే సన్నటి దుమ్ము, దసరా దాటాక వానలు ఆగి మురికి పేరుకోవడం, ఇవన్నీ మన దక్షిణ తెలంగాణ పట్టణాలన్నింటికీ సొంతమైన పాఠాలే. మహబూబ్‌నగర్‌లో ఒకరు నేర్చుకున్నది నల్లగొండలో ఇంకొకరికి అక్షరం పొల్లుపోకుండా పనికొస్తుంది.

ఏడాది లెక్కలో మిగులు ఉండటం వేరు, ప్రతి గంటా సొంత కరెంటు మీద నడవడం వేరు. ఈ తేడాను దాచిపెట్టి ప్రచారం చేసేవారితో నాకు పేచీ ఉంది. సాయంత్రం ఆరు నుంచి రాత్రి పదకొండు వరకు ప్రతి ఇంట్లోనూ దీపాలు, టీవీలు, మోటార్లు, ఏసీలు నడుస్తున్నప్పుడు పలకలు ఒక్క యూనిట్ కూడా ఇవ్వవు. ఆ కరెంటు గ్రిడ్ నుంచే, అంటే చాలావరకు బొగ్గు నుంచే రావాలి. మన జిల్లాలోని దామరచర్ల వద్ద 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం ఆ రాత్రి అవసరం ఎంత పెద్దదో గుర్తుచేస్తూ నిలబడి ఉంది. గుజరాత్‌లోని మొఢేరా గ్రామాన్ని 2022 అక్టోబరులో దేశంలో తొలి ఇరవైనాలుగు గంటల సౌర గ్రామంగా ప్రకటించినప్పుడు, అక్కడ 1,300కు పైగా ఇళ్ల కప్పుల మీది పలకలు ఒక్కటే సరిపోలేదు. 6 మెగావాట్ల నేల మీది కేంద్రాన్ని, పగటి కరెంటును రాత్రికి దాచే 15 మెగావాట్ అవర్ల బ్యాటరీని కూడా పెట్టాల్సి వచ్చింది. బ్యాటరీ మన వీధికి ఇప్పట్లో భారమే. కానీ డబ్బు ఖర్చు లేని సర్దుబాటు ఒకటుంది, అదే వేళ మార్చుకోవడం. మా వాడకట్టులో చాలామంది తెల్లవారుజామున ఐదింటికి వేసే నీళ్ల మోటారును మధ్యాహ్నం పన్నెండుకు మార్చుకున్నారు. బట్టల మిషను, ఇస్త్రీ, ఎలక్ట్రిక్ ఆటోల చార్జింగ్ కూడా పగటికి జరిగాయి. దానివల్ల మధ్యాహ్నపు వోల్టేజీ కూడా దిగింది. తూము ఎత్తే వేళ తెలిసిన నీరటికాడి పని అంటే ఇదే.

పగటి మిగులును నీటి రూపంలో దాచగల యంత్రాలు కూడా మన నేల మీదే ఉన్నాయి. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలోని ఆరు 150 మెగావాట్ల యూనిట్లు, నాగార్జునసాగర్‌లోని ఏడు యూనిట్లు రెండు వైపులా తిరిగేలా కట్టినవి. కరెంటు మిగిలినప్పుడు నీటిని వెనక్కి పైకి తోసి, అవసరమైనప్పుడు కిందికి వదిలి మళ్లీ కరెంటు తీయగలవు. వీధుల మిగులు పెరిగేకొద్దీ ఈ కేంద్రాల విలువ పెరుగుతుంది. ఆ విషయం మా వాడకట్టు చేతిలో లేదు కాబట్టి ఇక్కడితో వదిలేస్తాను.

మీటింగుల్లో నాకు ఎదురయ్యే గట్టి ప్రశ్న ఒకటుంది. రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 2024 మార్చి నుంచి, రేషన్ కార్డు ఉండి 200 యూనిట్ల లోపు వాడే ఇళ్లకు జీరో బిల్లు వస్తోంది, అలాంటప్పుడు మేమెందుకు పెట్టుబడి పెట్టాలి అని పేద, మధ్యతరగతి ఇళ్లవారు అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్న. కేంద్ర ప్రభుత్వ పీఎం సూర్యఘర్ పథకం ఇంటి మీది మూడు కిలోవాట్ల సోలార్‌కు 78,000 రూపాయల రాయితీ ఇస్తుంది, బ్యాంకు అప్పు కూడా దొరుకుతుంది. కానీ బిల్లే రాని ఇంటికి ఆ మిగతా సొమ్ము తిరిగి వచ్చే దారి కనిపించదు. ఆ ఇంటివారిని తప్పుపట్టడం అన్యాయం. నా అభిప్రాయంలో జవాబు వేరే ఉంది. ఆ ఇంటి కరెంటు ఖర్చు మాయం కాలేదు, దానిని ప్రభుత్వం భరిస్తోంది. అలాంటప్పుడు ఆ ఇంటి కప్పు మీద పలకలు పెట్టించి, ఏళ్ల తరబడి కట్టే రాయితీని తగ్గించుకుని, కప్పు ఇచ్చినందుకు ఇంటివారికి కొంత అద్దె ఇవ్వడం ప్రభుత్వానికే లాభం. నాగర్‌కర్నూల్ జిల్లాలోని కొండారెడ్డిపల్లిలో దీనికి దగ్గరి ప్రయత్నం జరిగింది. 2025లో దక్షిణ భారతంలో తొలి సంపూర్ణ సౌర గ్రామంగా నిలిచిన ఆ ఊరిలో సుమారు 480 ఇళ్ల మీద ఒక్కోదానికి మూడు కిలోవాట్ల చొప్పున పలకలు పెట్టారు, మిగిలిన కరెంటు గ్రిడ్‌కు వెళుతోంది.

కొండారెడ్డిపల్లి ముఖ్యమంత్రి గారి సొంత ఊరు కాబట్టి అయిందని కొందరు కొట్టిపారేస్తారు. నేను ఆ వాదనతో ఏకీభవించను. ఊరు ఎవరిదైనా, 480 ఇళ్ల అనుభవం మన పాత పాలమూరు జిల్లాలోనే, మన ఎండలోనే, మన లైన్ల మీదే పోగవుతోంది. ఏ ఇంట్లో ఎంత వచ్చింది, ఏది చెడింది, ట్రాన్స్‌ఫార్మర్ ఎలా తట్టుకుంది, వానాకాలంలో ఎంత తగ్గింది అన్నవి నెలనెలా అచ్చువేసి ప్రతి మున్సిపాలిటీ గోడ మీద అంటించాలని నా కోరిక. ఆ ఊరి మీద పెట్టిన ఖర్చు అప్పుడే జిల్లాలన్నింటికీ తిరిగి వస్తుంది.

రాష్ట్రంలో ఇలాంటి పంచుకోవడం గతంలో జరగలేదా అంటే జరిగింది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవైనాలుగు గంటల ఉచిత కరెంటు మొదలైన రోజుల్లో, కరెంటు రాగానే మోటారును దానంతటదే నడిపే ఆటో స్టార్టర్లను తీసేయకపోతే మోటార్లు రాత్రంతా నడిచి బోర్లు ఎండిపోతాయని ఊరూరా రైతులతో మీటింగులు పెట్టి చెప్పారు. ఒక రైతు అనుభవం మరో రైతును ఒప్పించింది. బోరు లోతు, పోసిన నీరు, కాలిన మోటారు గురించి రచ్చకట్ట మీద దాపరికం లేకుండా మాట్లాడుకునే మనవాళ్లం, పట్టణానికి వచ్చి మీటరు పెట్టుకున్నాక ఒకరి బిల్లు ఇంకొకరికి చూపించడానికి ఎందుకు వెనకాడుతున్నామో నాకు అర్థం కాదు. బిల్లు చూస్తే ఇంట్లో ఎన్ని ఏసీలున్నాయో తెలిసిపోతుందన్న జంకు ఉందని ఒకరిద్దరు చెప్పారు. అది కొట్టిపారేయదగిన జంకు కాదు. అందుకే మా పుస్తకంలో ఇంటి పేర్లు తీసేసి వరుస నంబర్లే రాశాం. అలా మార్చాక 31 ఇళ్లవారు రీడింగులు ఇవ్వడానికి ఒప్పుకున్నారు.

విద్యుత్ సంస్థ నుంచి కోరేది కూడా ఒకటుంది. ఒక్కొక్క ఇంటి వివరం అక్కర్లేదు. ఫలానా ట్రాన్స్‌ఫార్మర్ కింద ఈ నెల మొత్తం ఎంత వాడకం, ఎంత సోలార్ కరెంటు వెనక్కి వచ్చింది, ఇంకా ఎన్ని కిలోవాట్లకు చోటుంది అన్న మూడు అంకెలను స్తంభానికి తగిలించిన రేకు మీద రాసినా చాలు. కొన్ని రాష్ట్రాల్లో ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యంలో ఇంత శాతానికి మించి సోలార్ పెట్టకూడదన్న పరిమితులున్నాయి. అలాంటి హద్దు ఎక్కడుందో ముందే తెలిస్తే ఒక ఇంటివారు అప్పు తెచ్చాక నిరాశపడే పరిస్థితి రాదు. ఈ అంకెలు లేకుండా మా వాడకట్టు మిగులులో ఉందో లోటులో ఉందో మేమే కచ్చితంగా చెప్పలేం. మా అంచనా ఇప్పటికి నూటికి నలభై దాకా సొంతంగా తయారు చేసుకుంటున్నామని.

ఈ పనికి మనుషులు కూడా మన దగ్గరే ఉన్నారు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చదివే పిల్లలకు ఒక వాడకట్టు మీటర్లు నెలకోసారి చదివి పట్టిక వేయడం మంచి అభ్యాసమవుతుంది. పట్టణాల్లోని మహిళా పొదుపు సంఘాలకు లెక్క రాసే అలవాటు, నెలనెలా కూర్చునే అలవాటు రెండూ ఉన్నాయి, అపార్టుమెంటు సంఘాల్లో ఆ రెండూ అరుదు. నాకు తెలిసిన ఒక సంఘంలో ఆడవాళ్లు వడ్డీ లెక్కతో పాటు యూనిట్ల లెక్క కూడా రాయడం మొదలుపెట్టారు, వారి అక్షరాలు నా పుస్తకంలోని వాటికంటే శుభ్రంగా ఉన్నాయి.

మా పుస్తకంలో మొదటి పేజీల్లో వచ్చిన యూనిట్లు రాసేవాళ్లం. ఇప్పుడు మొదటి పేజీలను చెడినవాటికి కేటాయించాం. ఆగిన ఇన్వర్టర్, కాలిన ఫ్యూజు, కోతి లాగిన వైరు, గట్టినీటి చార, డిసెంబరు నీడ, ప్రతిదానికి తేదీ, కారణం, అయిన ఖర్చు, చేసిన మరమ్మతు రాస్తున్నాం. వచ్చే ఆదివారం దేవరకొండ నుంచి ఒక కాలనీవారు నలుగురు వస్తామన్నారు. వారి వీధిలో 38 ఇళ్లు, ఇంకా ఒక్క పలక కూడా బిగించలేదు. ఎండ తగ్గాక వారిని మేడల మీదికి తీసుకెళ్తాను. అంతకుముందు వరండాలో కూర్చోబెట్టి, మార్చి నెల పేజీ తెరిచి, ఏ ఇల్లు ఏ ఫేజు మీద ఉందో తమ లైన్‌మన్‌ను అడిగి రాసుకున్నారా అని అడుగుతాను.